ఆంప్లిఫయరు వాల్వులు – కొనుట, మార్చుట



గిటారు నాదమును పెద్దదిగా జేయు ఆంప్లిఫయరులో వాల్వు చెడినదో లేదో ఎట్లు తెలిసికొనవలెను, క్రొత్తదానిని ఎట్లు కొనవలెను, ఎట్లు మార్చవలెను అను విషయమును గూర్చి నేడు ముచ్చటింతును. తెలుగు పండితుడై బడిలో వ్యాకరణము చెప్పుకొన్నవానికి ఈ యంత్రముల గొడవ ఏల యని కొందఱు అనుకొనవచ్చును. వాల్వు పరీక్షకు కావలసినది ప్రధానముగా తర్కము. ఆ తర్కము మన పాఠశాలలలో వల్లించినదే.

మా పశ్చిమ ప్రకాశ ప్రాంతమునకు గిటారు వింతవస్తువు కాదు. మార్కాపురము, కంభము మొదలగు చోట్ల అమెరికను బాప్టిస్టు మిషనువారును, గిద్దలూరు వైపున ఆంగ్లికను మిషనువారును 19వ శతాబ్దమునందే ప్రార్థనామందిరములు నెలకొల్పిరి. హార్మోనియము, డోలకులతో సాగిన ఆ మందిరముల పాట నేడు గిటారు, కీబోర్డుల దాకా వచ్చినది. పెండ్లి పందిళ్ళలోను, తిరునాళ్ళలోను పాటకచ్చేరులు చేయు బృందములకును గిటారు లేనిదే గడవదు. వీరిలో పెక్కుమంది వాడునది ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరే. వాల్వులది వాడువారు కొలదిమంది. అయినను చిక్కులన్నియు ఆ కొలదిమందికే.

పూర్వము ఈ చిక్కు లేకుండెను. మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు 1970 ఫిబ్రవరిలో క్రొత్త జిల్లాలో చేరువఱకు కర్నూలు జిల్లాలోనివి. 1938లో ఆరంభమైన మదరాసు ఆకాశవాణిని, 1948లో ఆరంభమైన విజయవాడ ఆకాశవాణిని ఆ తాలూకాలవారు తొలినాళ్ళలో విన్నది వాల్వు సెట్లలోనే. కరెంటు లేని పల్లెలలో ఇటుకంత డ్రై బ్యాటరీ తగిలించి వినెడివారు. వాల్వు పోయినచో రేడియో మెకానిక్కు తన బీరువాలోనుండి వేఱొకటి తీసి పెట్టెడివాడు. 1954లో బెంగుళూరున స్థాపింపబడిన భారత్ ఎలక్ట్రానిక్సు సంస్థ తరువాతి కాలమున రేడియో వాల్వులను మన దేశముననే తయారుచేసినది. ట్రాన్సిస్టరు వచ్చినది, ఆ బీరువాలు ఖాళీయైనవి. నేడు మనకు వాల్వు కావలెనన్న చెన్నపట్టణపు రిచ్చీ వీధికో, హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీకో, బెంగుళూరు ఎస్.పి. రోడ్డునకో పోవలెను, లేదా తపాలాలో తెప్పించుకొనవలెను. ఒక్కొక్క జోడి వేలరూపాయలు. ఇంత శ్రమపడి తెచ్చినది ఒక్క సాయంకాలమునకే మాడిపోయినచో ఎంత కష్టమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

వాల్వు అనగా కవాటము. 1904లో ఇంగ్లండున ఫ్లెమింగు అను శాస్త్రజ్ఞుడు కరెంటును ఒక్క దిశకే పోనిచ్చు గాజు బుడ్డిని నిర్మించి దానికి ఆ పేరు పెట్టెను. రెండేండ్ల తరువాత అమెరికాలో డి ఫారెస్టు అనునతడు దానిలో మూడవ అంగమును చేర్చెను. అదియే గ్రిడ్డు. అమెరికావారు దీనినే ట్యూబు అందురు. కంభము చెఱువు తూమును చూచినవారికి దీని పని ఇట్టే బోధపడును. విజయనగర రాజుల కాలమున గుండ్లకమ్మకు అడ్డముగ కొండల నడుమ కట్టవేసి నిర్మించిన సముద్రమువంటి చెఱువు అది. అందెంత నీరున్నను ఒక్క మనిషి తూమును జానెడెత్తి జానెడు దించినచో కాలువలో నీరు హెచ్చును, తగ్గును. ఎత్తువాని బలము స్వల్పము. పాఱు నీటి బలము అపారము. వాల్వులో వేడెక్కిన కాథోడునుండి ఎలక్ట్రానులు బయలుదేఱి, గాలిలేని చోటగుటచే అడ్డులేక, ప్లేటు వైపునకు పరుగిడును. నడుమనున్న సన్నని తీగల గ్రిడ్డే తూము. గిటారు తీగ కదలుటవలన పుట్టు కరెంటు వోల్టులో పదవవంతు ప్రాంతము మాత్రమే. దానిని గ్రిడ్డున కందించినచో ప్లేటునకు పోవు పెద్ద ప్రవాహము అదే తాళమునకు ఆడును.

ట్రాన్సిస్టరు ఇదే పనిని తక్కువ ఖర్చుతో, తక్కువ వేడితో చేయుచుండగా ఈ గాజుబుడ్లేల? బలముగా మీటినపుడు వాల్వు ఒక్కసారిగా తెగక, మెల్లగా ఒంగి, మూలస్వరమునకు అనుస్వరములను చేర్చును. తంబురా మెట్టపై తీగక్రింద జీవాళి దారము నిలుపగానే నాదము విచ్చుకొనుటను ఎఱిగినవారికి ఇంతకంటె చెప్పనక్కఱలేదు. ట్రాన్సిస్టరు మంచిది కాదని నా వాదము కాదు. ఊరేగింపులో బండిమీద కట్టుకొని పోవుటకు అదియే మేలు.

ఆంప్లిఫయరులో వాల్వులు సాధారణముగ రెండు తెగలు. చిన్నవి ముందువరుస వాల్వులు. గిటారు శబ్దమును మొదట అందుకొనునవి ఇవి. పెద్దవి స్పీకరును ఆడించు ఔట్‌పుట్టు వాల్వులు. కొన్నింట కరెంటును ఏకదిశకు మార్చు రెక్టిఫయరు వాల్వును ఉండును. వీని పేర్లు అంకెలు, అక్షరములు కలిసి మంత్రబీజములవలె కనబడును గాని వానికి వ్యుత్పత్తి యున్నది. ఇసిసి83 అను ఐరోపా పేరు చూడుడు. ‘ఇ’ అనగా వేడితీగకు 6.3 వోల్టులు, రెండు ‘సి’లు అనగా ఒకే బుడ్డిలో రెండు ట్రయోడులు, ‘8’ అనగా 9 పిన్నుల పీఠము. ఇఎల్34లో ‘ఎల్’ అనగా ఔట్‌పుట్టు పెంటోడు. ‘3’ అనగా 8 పిన్నుల పెద్ద పీఠము. జిజెడ్34లో ‘జి’ 5 వోల్టుల వేడితీగ, ‘జెడ్’ రెక్టిఫయరు. అమెరికావారు మొదటి అంకెతో వేడితీగ వోల్టేజిని సూచింతురు. కనుక ఒకే వాల్వునకు రెండు పేర్లు: ఇసిసి83కు 12ఏఎక్స్7, ఇఎల్84కు 6బిక్యూ5, ఇఎల్34కు 6సిఏ7, జిజెడ్34కు 5ఏఆర్4. అంగడిలో ఒక పేరు లేదనినచో రెండవ పేరడుగుడు.

పీఠము సరిపోయినంతమాత్రాన వాల్వు సరిపోదు. ఈ మాట చాల ముఖ్యము. 12ఏఎక్స్7, ఇఎల్84 రెండును 9 పిన్నులవే. ఒకదాని సాకెట్టులో రెండవది దూఱును. దూఱిన తరువాత పనిచేయదు, చెఱుపును. 6వి6, 6ఎల్6, ఇఎల్34 మూడును 8 పిన్నులవే. కాని వేడితీగకు మొదటిది 0.45 ఆంపియరు, రెండవది 0.9, మూడవది 1.5 ఆంపియరు తీసికొనును. 6వి6 కొఱకు చుట్టిన ట్రాన్సుఫార్మరుపై ఇఎల్34 జంట నెక్కించుట దూడచే బండి లాగించుట వంటిది. ముందువరుసలో ఇంత అపాయము లేదు. 12ఏఎక్స్7 చోట 12ఏటి7 గాని 12ఏయు7 గాని పెట్టి చూడవచ్చును. మొదటిదాని వృద్ధి 100, రెండవదానిది 60, మూడవదానిది 20కి లోపు. శబ్దము ఆ మేరకు తగ్గును. యంత్రము మఱీ గట్టిగా అఱచుచున్నదనువారు కొందఱు కావలెననియే ఇట్లు మార్చుకొందురు.

ఇక చెడినది ఏదో కనుగొను పద్ధతి. తర్కములో అన్వయ వ్యతిరేకములని రెండున్నవి. ఏది యున్నపుడు ఏది యుండునో చూచుట అన్వయము. ఏది లేనపుడు ఏది లేకపోవునో చూచుట వ్యతిరేకము. రెండును కుదిరిననే కారణము నిశ్చయము. వాల్వులు మార్చువారిలో నూటికి తొంబదిమంది మొదటి సగముతోనే తృప్తిపడుదురని నా అనుమానము. ఆంప్లిఫయరులో చిటపటలు పుట్టినవి, ఒక వాల్వు తీసి క్రొత్తది పెట్టిరి, చిటపటలు ఆగినవి, పాతది పాఱవేసిరి. ఇది సగము తర్కమే. పాత వాల్వును మరల అదే సాకెట్టులో పెట్టి చూడుడు. చిటపటలు తిరిగి వచ్చినచో వాల్వు దోషి. రానిచో దోషము సాకెట్టులోని పిన్నుల త్రుప్పుది, దుమ్ముది. వాల్వును పెఱికి పెట్టుటలో ఆ త్రుప్పు రాలిపోయి స్పర్శ కుదిరినది. మా ప్రాంతపు ఎండలలో, దుమ్ములో ఇట్లు తఱచుగా జరుగును. నిర్దోషియైన వాల్వు చెత్తకుప్ప పాలగుటకు ఇదియే మార్గము.

దోషము ఏ వైపున నున్నదో మొదట గ్రహింపుడు. గిటారు తీగను ఊడదీసి, వాల్యూము మీటను సున్నకు త్రిప్పుడు. రొద ఆగినచో దోషము మీటకు ముందున్న వాల్వులలో. ఆగనిచో మీటకు తరువాతి భాగమున. ముందువరుస వాల్వులపై పెన్సిలు కొయ్యతో మెల్లగా తట్టుడు. కొద్దిగా టక్కుమనుట సహజము; గంటవలె మ్రోగినను, కూసినను, లోపలి అంగములు వదులైనవి. అనుమానమున్న వాల్వు స్థానమున మంచిదని నిశ్చయముగ తెలిసిన 12ఏఎక్స్7ను పెట్టి చూడుడు. ఒక్కసారికి ఒక్కదానినే మార్చుడు. రెండు మార్చినచో ఏది కారణమో ఎప్పటికిని తెలియదు. ఇందుకై మంచిదొకటి ఎల్లపుడు విడిగా ఉంచుకొనుట, వేలుపోసి పూర్తి సెట్టు కొనుటకంటె లాభము.

వేడితీగ వెలుగుచున్నది గనుక వాల్వు మంచిదే యనుట పొరపాటు; వెలుగు వేడితీగ తెగలేదనుటకు మాత్రమే సాక్ష్యము. బుడ్డి లోపల వెండిపూతవంటి మెఱుగొకటి యుండును. అది తెల్లని సున్నమువలె మాఱినచో లోనికి గాలి జొచ్చినది. ఆ వాల్వు పని ముగిసినది. ఔట్‌పుట్టు వాల్వులో గాజును అంటుకొని కనబడు నీలికాంతి దోషము కాదు. అంగముల నడుమ గులాబివన్నెలో పొగవలె ఆడు కాంతి దోషము. బొంగురుగా, ఎడతెగక మ్రోగు హమ్ము మాత్రము వాల్వుదే యనుకొనవలదు. ముప్పది యేండ్లు నిండిన ఎలక్ట్రొలిటిక్ కండెన్సర్లు ఎండిపోయినపుడు వచ్చు హమ్ము ఎన్ని వాల్వులు మార్చినను పోదు.

గిద్దలూరు దగ్గఱి పల్లెలోనున్న నా పూర్వవిద్యార్థి ఒకడు క్రిస్మసుకు పదిదినముల ముందు ఫోను చేసెను. వాని ఆంప్లిఫయరులో ఇఎల్34 జంట. ఒక వాల్వు ప్లేటు కొలిమిలో కొఱ్ఱువలె ఎఱ్ఱబడుచున్నది. దుకాణమువారు పూర్తిసెట్టు మార్చవలెననిరట, మార్చెను. “అయ్యవారూ, కొత్తవి వేసినా అట్లే ఎర్రగా కాగిపోతాండాది!” అని వాపోయెను. కట్టివేసి, చల్లాఱిన తరువాత ఆ రెండు వాల్వులను ఒకదాని చోట నొకటి పెట్టి, అరనిమిషము మాత్రము వేసి చూడుమంటిని. వాల్వు మాఱినను ఎఱ్ఱదనము మాఱలేదు. అదే సాకెట్టులో నిలిచినది. దోషము వాల్వు వెంట పోయిన వాల్వుది. చోటున నిలిచిన యంత్రముది. మార్కాపురమున ముసలి మెకానిక్కొకడు తెఱచి చూడగా, ముందరి వాల్వునుండి శబ్దమును తెచ్చు చిన్న కండెన్సరు కారుచున్నది. దానిగుండా పాజిటివు వోల్టేజి గ్రిడ్డునకు చేరి తూమును పూర్తిగా తెఱచివేసినది. కండెన్సరు వెల పదుల రూపాయలు. మాడిన వాల్వుల వెల ఆ బృందమువారి క్రిస్మసు సంభావనలో సగము తినివేసినది. ప్లేటు ఎఱ్ఱబడుట కంటబడిన మఱుక్షణమున స్విచ్చి కట్టివేయవలెను. పాట పూర్తిచేసి కట్టుదమను పని లేదు.

కొనునపుడు ఔట్‌పుట్టు వాల్వులను జోడిగా, సరితూచినవానిని అడుగవలెను. ఒంగోలు గిత్తలను కొనువాడు రెంటి ఎత్తు, నడక, పట్టు చూచి కాడి కట్టును; ఒకటి లాగి ఒకటి లాగనిచో బండి ప్రక్కకు పోవును. వాల్వులలో ఈ పొత్తును ఒకే వోల్టేజివద్ద అవి తీసికొను కరెంటుచే తూతురు. డబ్బాపై ఆ మిల్లీఆంపియర్ల అంకె వ్రాసియుండును. రెండు డబ్బాలపై అంకెలు దగ్గఱగా ఉన్నవో లేదో చూచుకొనుడు. ముందువరుసవానికి ఈ జోడి అవసరము లేదు.

పేరును చూచి మోసపోవలదు. ముల్లార్డు, టెలిఫుంకెను అను పాత ఐరోపా వాల్వులకు అంగడిలో బంగారము వెల. గాజుపై ముద్ర వ్రేలితో తుడిచినను పోవునంత పలుచన. దానిని చెఱపి వేఱొకటి వేయుట ఎంత సేపు? భారత్ ఎలక్ట్రానిక్సువారి పాత వాల్వులు మన అంగళ్ళలో ఇంకను అప్పుడప్పుడు తగులును. మీటరుపై పరీక్షించి చూపగలిగినచో అవి మంచి బేరము. క్రొత్తవి నేడు స్లొవేకియాలోను, రష్యాలోని సరాటవు పట్టణమునను, చైనాలోను తయారగుచున్నవి. సరాటవు కర్మాగారమొక్కదానినుండియే ఎలక్ట్రో హార్మోనిక్సు, సావ్‌టెక్కు, టంగ్‌సాలు మొదలగు పెక్కు పేర్లతో వాల్వులు వెలువడును. నేటి ‘ముల్లార్డు’ పేరును అక్కడిదే. పాత ఇంగ్లీషు ముల్లార్డుతో దానికి పేరే పొత్తు. 2022 మార్చిలో రష్యా ఎగుమతులకు ఆటంకము కలిగినపుడు లోకమంతట వాల్వులకు కఱవు వచ్చి వెలలు పెరిగినవి. కావున ఔట్‌పుట్టు జోడి ఒకటి, చిన్నవాల్వు ఒకటి ఇంటనుంచుకొనుట అతిజాగ్రత్త కాదు.

చిన్నవాల్వును ఎవరైనను స్వయముగా మార్చుకొనవచ్చును. ఔట్‌పుట్టు జోడి సంగతి వేఱు. కొన్ని యంత్రములు తమంత తామే బయాసు సవరించుకొనును. వానిలో జోడిని పెట్టినచో చాలును. కొన్నింట బయాసును మనిషి సవరింపవలెను. దీని లెక్క అయిదవ తరగతి లెక్కయే. ఇఎల్34 ప్లేటు భరింపగల వేడి 25 వాట్లు. నిశ్శబ్దముగ నున్నపుడు అందులో నూటికి 70 వంతులకు మించకుండుట మేలు, అనగా 17.5 వాట్లు. ప్లేటు వోల్టేజి 450 అయినచో 17.5ను 450చే భాగింపగా సుమారు 39 మిల్లీఆంపియర్లు. మెకానిక్కు మీటరు చూచుచు ఆ అంకెకు లోబడునట్లు సవరించును. ఎంత పెట్టితివని అడిగి, ఆ అంకెను ఆంప్లిఫయరు వెనుక సుద్దముక్కతోనైన వ్రాయించుడు. మార్కాపురము పలకల ఊరు. వ్రాసియుంచుకొనుట మనకు ఒకరు నేర్పవలసినది కాదు.

ఆ కొలతను మీరే తీయబోవలదు. ఈ ఒక్క విషయమున ఎంత కఠినముగ చెప్పినను తక్కువే. పెట్టె లోపలి 450 వోల్టులు గోడ ప్లగ్గులోని 230కి దాదాపు రెట్టింపు. ప్లగ్గు ఊడదీసిన తరువాతను కండెన్సర్లు ఆ విద్యుత్తును పట్టియుంచును. ఎంతసేపో యంత్రమును బట్టి యుండును. ఆగియున్న యంత్రమే మనిషిని చంపగలదు. దానిని ఖాళీచేయు విధానము తెలిసినవాడు తప్ప ఎవరును అడుగు పలకను విప్పరాదు. వెనుకనుండి వాల్వు మార్చుటకు పలక విప్ప పనిలేదు. స్విచ్చి కట్టి, ప్లగ్గు ఊడదీసి, గాజు చేతికి చల్లగా తగులువఱకు ఆగుడు. 9 పిన్నులదానిలో ఒకచోట పిన్నుల నడుమ ఎడము ఎక్కువగ నుండును. 8 పిన్నులదానికి నడుమ కాడపై నిలువు గట్టు ఉండును. ఆ గుఱుతులు సరిచూచి నిలువుగా నొక్కుడు. తీయునపుడు గాజును పట్టి త్రిప్పక, కొద్దికొద్దిగా కదలించి పైకెత్తుడు.

స్పీకరు తగిలింపక ఆంప్లిఫయరును వేయరాదు. ఔట్‌పుట్టు ట్రాన్సుఫార్మరు కాలును, అది వాల్వులకంటె ప్రియము. ఫ్యూజు పోయినచో అదే అంకెది వేయుడు. రెండుసార్లు పోయినచో మూడవది వేయక మెకానిక్కు దగ్గఱకు తీసికొనిపొండు. విదేశమునుండి తెచ్చిన యంత్రమైనచో వెనుక 120 వోల్టులని యున్నదో 230 అని యున్నదో మొదటనే చూచుకొనుడు. మోటార్లన్నియు ఒక్కసారి ఆగినపుడు పల్లెలలో వోల్టేజి ఎగయుటయు కద్దు. అట్టిచోట స్టెబిలైజరు పెట్టుట వాల్వు ఆయువునకు మంచిది.

విడిగా ఉంచుకొన్న వాల్వులను వచ్చిన డబ్బాలలోనే, పిన్నులు వంగకుండ, దూదిలో గాని పాతగుడ్డలో గాని చుట్టి ఉంచుడు. లారీలో కచ్చేరికి పోవునపుడు స్పీకరు పెట్టెమీద వేయక చేతిసంచిలో తీసికొనిపొండు. పరీక్షలో మంచిదని తేలిన పాతవాల్వును పాఱవేయక, డబ్బాపై తీసిన తేదిని, ఏ సాకెట్టునుండి తీసిరో దానిని వ్రాసి అట్టిపెట్టుడు.